గోలీల మిషను రిలే

కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడల్లా మా ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజరు ‘టక్’ మంటుంది. ఆ చప్పుడు వింటే చేతిలో పని ఆగిపోతుంది. వేడెక్కిన బల్బు మీద దుమ్ము మాడిన వాసన, అందులో కాస్త మిరప ఘాటు, ఎక్కడినుంచో వచ్చి ముక్కును తాకుతాయి. నల్లపాడులో మా పక్కింటి వసారా, అందులో పీట మీద తల ఓ పక్కకు వంచి ఆ ‘టక్’ను వింటున్న దానియేలు బాబాయి, నీళ్ళలో నీడల్లా కదులుతారు.

బాబాయి చుట్టుపక్కల ఊళ్ళలో పొలం మోటార్లకు స్టార్టర్లు బాగుచేసేవాడు. నేను మూడో తరగతితో బడి మానేసి, మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేదాన్ని. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకున్నాం. చివరి రోజుల్లో ఆయన కళ్ళకు పొర కమ్మింది. “కోటమ్మా, నీ కళ్ళు కాసేపు అరువియ్యవే” అంటూ గోడ మీదుగా పిలిచేవాడు.

ఒకసారి, స్టేషను రోడ్డులో టిఫిన్ హోటల్ పెడుతున్న రంగారావు గారు పాత పిన్‌బాల్ మిషనొకటి తెచ్చి ఆ వసారాలో దింపించారు. ఏళ్ళ తరబడి మిరప గోడౌన్‌లో పడి ఉందట. స్ప్రింగు లాగి వదిలితే ఇనప గోలీ పైకెళ్ళి, గంటల్ని కొట్టుకుంటూ కిందికి దొర్లేది. దీపం మాత్రం ఒక్కటీ వెలిగేది కాదు. “ఆదివారం ప్రారంభం, దానియేలూ. శనివారం సాయంత్రానికి వెలిగిందా, గుమ్మంలో పెడతా. లేదంటే పాత ఇనప సామాన్లోళ్ళకి తోలేస్తా” అన్నారు. “వెలిగిద్దామండి” అన్నాడు బాబాయి. ఆయన వెళ్ళాక మెల్లగా అన్నాడు: “దానియేలు కళ్ళు పోయాయని ఊరంతా అంటున్నారే. ఇదీ వెలక్కపోతే ఇంక నా సంచి అటకెక్కించెయ్యటమే.”

వెనక చెక్క తీస్తే లోపల గుడ్డ చుట్టిన వైర్లు, ఎండిన తీగల్లా. రంగులన్నీ వెలిసిపోయాయి. “చెప్పు, ఏ రంగుది ఎటు పోతోంది?” అన్నాడు. రోజంతా కాయల్ని రంగును బట్టి ఏరేదాన్ని, నాకదో లెక్కా! “ఇది పండుకాయ ఎరుపు బాబాయ్. ఇదేమో తాలుకాయ, పాలిపోయింది.” “తాలుకాయ వైరా! ఏ ఇంజనీరూ పెట్టని పేరే!” అని పడీపడీ నవ్వాడు. ఆ తాలుకాయ వైరు వెంట వేలు జరుపుకుంటూ పోతే, కాయిల్ మీద చిన్న రేకులున్న ఒక రిలే దగ్గర తెగి ఉంది. “ఇది మన స్టార్టరుకి చిట్టి తమ్ముడు. కాయిల్ రేకుని లాగుద్ది, రేకులు రెండూ ముద్దెట్టుకుంటే దీపాలకి కరెంటు పోద్ది” అన్నాడు. ఆయన చెబుతుంటే నేనే టంకం వేశాను. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “ప్లగ్ తీశావా?”

శనివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చాడు. రిలే రేకుల మొనల మీద ఎర్రటి మిరప దుమ్ము అట్టకట్టి కనిపించింది. మా ఇళ్ళల్లో దెబ్బైనా, దేవుడి దీపపు కుందైనా దూదితోనే తుడుస్తాం. దిండులోంచి కాస్త దూది లాగి తళతళలాడేలా తుడిచాను. లేచాక చెబుదామనుకుని మరిచిపోయాను. ప్లగ్ పెడితే రిలే కదిలింది, దీపాలు రాలేదు. సాయంత్రం దాకా ఒక్కో వైరూ తడిమాం.

రంగారావు గారు ట్రాలీ ఆటోతో వచ్చారు. “నా వల్ల కాలేదండి. చూపు లేనోణ్ణి, ఒప్పుకోకుండా ఉండాల్సింది” అన్నాడు బాబాయి. ఇద్దరు మనుషులు మిషనుకు చెరో పక్కా చెయ్యి వేశారు. బాబాయి స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటూ తనలో తను గొణుక్కున్నాడు: “టక్ మనటం లేదు, మెత్తగా అంటోంది. మధ్యలో ఏదో పడుకున్నట్టు.”

నాకు దిండులోని దూది గుర్తొచ్చింది. చెబితే ఇంకెప్పుడూ ఏ మిషన్లోనూ చెయ్యి పెట్టనివ్వడు. చెప్పకపోతే ఆ సంచి అటకెక్కుతుంది.

“ఆగండి! బాబాయ్, మధ్యాహ్నం నేనే తుడిచాను, దూదితో.”

అందరూ నా వైపు తిరిగారు. బాబాయి సంచి కింద పెట్టాడు. తర్వాత అడిగాడు: “ప్లగ్ తీసే తుడిచావా?”

“తీసే.”

“అయితే మళ్ళీ తియ్యి.” జేబులోంచి పెళ్ళి శుభలేఖ ముక్కొకటి తీసి నా చేతిలో పెట్టాడు. “రేకుల మధ్య పెట్టి మెల్లగా లాగు.” ఆ ముక్క అంచుకు అంటుకుని ఒక్క దూది పోగు వచ్చింది, వెంట్రుకకన్నా సన్నం.

ప్లగ్ పెట్టాను. టక్. అద్దం కింద ఒక్కసారిగా రంగులు విచ్చుకున్నాయి. ఆ వెలుగు బాబాయి తెల్లచొక్కా మీద, మసకబారిన కళ్ళ మీద పడి ఊగింది. “ఎర్రదాని పక్కన పసుపు కదే?” “పచ్చ, బాబాయ్.” “ఏదైతేనేం, నాకు పూలతోటలా ఉంది” అన్నాడు. రంగారావు గారు “భలే చేశావు దానియేలూ” అంటే, “నేనా? చెడగొట్టిందీ కోటమ్మే, బాగుచేసిందీ కోటమ్మే” అన్నాడు. నేను తల దించుకున్నాను. “సిగ్గెందుకే? రేపు పొద్దున్నే రా, వెంగళాయపాలెంలో స్టార్టరుంది.”

ఆ పొద్దుట మొదలైన పని ఇప్పటికీ చేస్తున్నాను. బాబాయి పోయి చాలా కాలమైంది. ఆయన సంచి నా భుజాన ఉంది. అందులో శుభలేఖ ముక్కలుంటాయి. పొలంలో రైతు “ఏమైందమ్మా మోటారుకి?” అంటే, నేను ముందు “ఎవరు ముట్టుకున్నారు, దేంతో?” అని అడుగుతాను. వాళ్ళు నసుగుతారు. నసిగినా కోప్పడను. పీట వేసుకుని కూర్చుని, తల ఓ పక్కకు వంచి, ఆ చప్పుడు గట్టిగా ఉందో మెత్తగా ఉందో వింటాను.