గుర్రంబండ మీద దొర్లిన రాయి

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత వచ్చిన రెండో చలికాలంలో నన్ను జగిత్యాలకు వేశారు. నా హోదా శిక్షకుడు. నా కింద ఇద్దరు సహాయ శిక్షకులు ఉండాలి. ఇచ్చింది ఒక్కరినే, అతనూ ఆ వారం సెలవులో ఉన్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గురుకులాల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయులకు బండలెక్కడం నేర్పడం నా పని. వాళ్లు నేర్చుకుని వెళ్లి పిల్లలకు నేర్పాలి. శిబిరానికి చందుర్తి దాటాక ఉన్న ఒక గుట్టను ఎంచుకున్నాను. చుట్టుపక్కల దాన్ని గుర్రంబండ అంటారు.

అక్కడ జరిగిన ప్రమాదం గురించి మా వృత్తిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఒక ట్రైనీ ఊదుబత్తులు ముట్టించిందని, ఆ పొగకు తేనెటీగలు లేచాయని, పైనున్న శిక్షకుడు ప్రాణాలకు తెగించి ఇద్దరు ఆడవాళ్లను కాపాడాడని. ఆ శిక్షకుణ్ణి నేనే. మోకాళ్లు అరిగిపోయి, యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. ఆ కథ తప్పు. జరిగింది ఇదీ.

బండలెక్కడం నేర్పేటప్పుడు మేము మొదట నేర్పేది పడటం. ఎక్కేవారి నడుముకు పట్టీలు కట్టి, తాడు ముడి వేస్తాం. ఆ తాడు గుట్ట పైన కట్టిన ఇనుప కొక్కెంలోంచి తిరిగి కిందికి వస్తుంది. కింద నిలబడి దాన్ని పట్టుకునే మనిషిని బిలేయర్ అంటాం. ఎక్కేవారు పట్టు తప్పితే బిలేయర్ కుడిచెయ్యి బిగిస్తే చాలు, తాడు ఆగిపోతుంది. ఆ చెయ్యి ఏ కారణం చేతా వదలకూడదు. మా విద్యలో ఇంతకు మించిన నియమం లేదు. మొదటి రెండు రోజులు మనిషెత్తు బండల మీద ఎక్కించి, చేతులు వదిలెయ్యమంటాం. వదలరు. బతిమాలుతాం, కసురుతాం. ఒకసారి వదిలి, తాడు ఆపిందని వీపుకు తెలిసిన తర్వాత మనిషి ముఖమే మారుతుంది. ఆ తర్వాతే ఎత్తు పెంచుతాం.

ఆ శిబిరంలో అందరికంటే మంచి బిలేయర్ సుజాత. సిరిసిల్ల నేతకారుల ఇంటి అమ్మాయి, అప్పటికి ముప్పై లోపే. సన్నగా ఉండేది. ఆమెకు జోడీగా వేసింది ఎస్తేరును. ఎస్తేరుది కోరుట్ల దగ్గరి పల్లె. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం నుంచి చదువుకుని వచ్చి, గురుకులంలో ఖోఖో నేర్పేది. బొద్దుగా, నవ్వుతూ ఉండే మనిషి. ఎక్కేవారి బరువు ఎక్కువైతే, వారు జారినప్పుడు బిలేయర్ గాల్లోకి లేచిపోయే ప్రమాదం ఉంది. అందుకని సుజాత నడుమును వెనక ఉన్న బండరాయికి ఒక పట్టీతో కట్టించాను. అది సరైన పద్ధతే. అయితే, అలా కట్టిన మనిషికి పరిగెత్తడం కుదరదు.

ఐదో రోజు ఎస్తేరు మొదటిసారి పెద్ద బండ ఎక్కాలి. రెండు తాటిచెట్ల ఎత్తు. ఆ ఉదయం సుజాత తాడు చుట్టను బండ మొదట్లో పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తులు ముట్టించింది.

"ఏందే సుజాతా, తాడుకు సుత బొట్టు వెడ్తవా?" అంది ఎస్తేరు.

"మా ఇంట్ల సాంచకు మొక్కకుంట మోటరు ఎయ్యరక్కా. గిది సుత పనిముట్టే గదా." మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. "నిన్ను గట్టిగ పట్టుకొమ్మని చెప్తున్న దానికి. నువ్వేమన్న తక్కువ బరువున్నవా?"

"గట్లైతే ఇంకో రెండు ముట్టియ్యి బిడ్డా. నా బరువుకు రెండు సాలయి."

అందరూ నవ్వారు. సుజాత ఇంకో రెండు ముట్టించింది. గాలి పొలాల వైపు వీస్తోంది. పొగ బండకు దూరంగా పోవడం నేను చూశాను. ఎక్కడం మొదలయ్యే సరికి ఊదుబత్తులు ఆరిపోయి పుల్లలే మిగిలాయి.

నేను చూసింది మరొకటి ఉంది. బండకు ఎడమవైపు, పైన, ఇంటి చూరులాగా ముందుకు పొడుచుకొచ్చిన భాగం కింద ఒక నల్లటి మచ్చ. స్థలం ఎంపిక చేసేటప్పుడు పాములు, తేనెతుట్టెలు, వదులు రాళ్లు చూసుకోవాలి. ఆ తనిఖీని రెకీ అంటాం. రెకీ నేను ఎండాకాలంలో చేశాను, అప్పుడక్కడ ఏమీ లేదు. కొండ తేనెటీగలు పూల కాలాన్ని బట్టి వచ్చి పోతుంటాయి కనుక శిబిరం రోజు పొద్దున మళ్లీ చూడాలి. చూశాను. వాననీళ్లు కారిన మరక అనుకున్నాను. అనుకుంటుండగానే ఆ మరక మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అల పాకింది. తేనెటీగలు ఒక్కసారిగా రెక్కలు కదిపితే అలాగే ఉంటుంది. కాసేపు చూశాను. మళ్లీ కదలలేదు. ఆ రోజు పై అధికారి శిబిరం చూడటానికి వస్తున్నాడు. స్థలం మార్చాలంటే పూట పోతుంది. అది మబ్బు నీడ అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, వెనక దారిన పైకి వెళ్లి తాడు కట్టాను.

తాడు కట్టాక బండ అంచు మీద వదులు రాళ్లు లేకుండా ఏరెయ్యాలి. అది కింద మనుషులు లేనప్పుడే చెయ్యాలి. తొందరలో పైపైన చేశాను.

ఎస్తేరు సగం ఎక్కింది. కాళ్లు వణుకుతున్నాయి. బండ మీద అలా వణికితే కుట్టుమిషను అంటాం. "సార్, నాతోని కాదు" అని అరిచింది. కింద నుంచి సుజాత, "అక్కా, కాలు సూస్కో. చెయ్యి గాదు, కాలు. నేనున్న" అంటోంది. అప్పుడు చూశాను, తాడు ఒక వదులు రాయికి ఒరుసుకుంటోంది. కొబ్బరికాయ కంటే కొంచెం పెద్ద రాయి. ఎస్తేరును దించి, అందర్నీ పక్కకు పంపి, ఆ తర్వాతే ముట్టాలి దాన్ని. నేను కాలితో ఎడమవైపుకు తోశాను, ఆమె మీద పడకూడదని. "రాయి!" అని అరిచాను. రాయి చూరు మీద తగిలి, ముక్కలై కిందికి పోయింది.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత బండ లోపల ఎవరో మోటరు వేసినట్టు ఒక గొణుగు మొదలైంది. అది పెరిగింది. చూరు కింద నుంచి నల్లటి పొగ లేచినట్టు లేచాయి.

మెడ మీద మొదటి ఈగ కుట్టగానే నేను పరిగెత్తాను. వెనక ఉన్న సీతాఫలం పొదల్లో బోర్లా పడి, కోటు తల మీదికి లాక్కున్నాను. కింద కేకలు వినబడుతున్నాయి. కొక్కెం నాకు నాలుగు బారల దూరంలో ఉంది. తాడు అందులోంచి మెల్లగా కదులుతున్న చప్పుడు వినబడింది. సుజాత ఆమెను దించుతోంది. నేను వెళ్లి అంచు నుంచి చూడాలి, చెప్పాలి, కనీసం అరవాలి. కదలలేదు.

తాడు ఆగింది. ఆ తర్వాత ఒక్కసారిగా జరజరా పరిగెత్తింది.

ఆ చప్పుడుకు మా వృత్తిలో ఒకటే అర్థం అనుకున్నాను. బిలేయర్ చెయ్యి వదిలేసింది, ఎక్కేది పడిపోయింది. ఎస్తేరు చచ్చిపోయిందనుకున్నాను. అలా అనుకున్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఆమె గురించి కాదు. రాయి తొయ్యడం ఎవరైనా చూశారా అని. ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

గొణుగు తగ్గాక కిందికి దిగాను. ఎస్తేరు బతికి ఉంది. జరిగింది ఏమిటంటే, సుజాత ముఖం నిండా ఈగలు పట్టినా, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి వదలకుండా ఆమెను నేల దాకా దించింది. ఆ తర్వాతే తన పట్టీ ఊడదీసుకుని, తాడును వదిలింది. ఎస్తేరు నడుము ముడి విప్పుకోలేక తాడుతోనే పరిగెత్తింది. నేను విన్నది అదీ. మిగిలినవాళ్లు దుప్పట్లు కప్పి ఇద్దర్నీ లాక్కుపోయారు. రాయి దానంతటదే జారిందనుకున్నారు, ఈగలకూ దానికీ ఎవరూ ముడిపెట్టలేదు.

సిరిసిల్ల ఆసుపత్రిలో ఎస్తేరుకు ఊపిరి ఆడటం కష్టమైంది. లోపల ఆమెకు వైద్యం జరుగుతుండగా వరండాలో బల్ల మీద సుజాత, నేను కూర్చున్నాం. ఆమె కళ్లు వాచి పూర్తిగా మూసుకుపోయాయి. పై అధికారి గుట్ట దగ్గర ఆగి, కొబ్బరి చిప్పలు, ఊదుబత్తి పుల్లలు చూసి వచ్చాడు.

"బండ కాడ ఊదుబత్తులు ఎవరు ముట్టిచ్చిండ్రు?"

"నేనే సార్" అంది సుజాత.

"తేనెటీగలున్న కాడ పొగ వెడ్తరా అమ్మా? నువ్వు టీచరువేనా?"

ఆయన నా వైపు తిరిగి, మీరేమంటారని అడిగాడు.

"నేను వద్దని గట్టిగ చెప్పాల్సుండె సార్. తప్పు నాది" అన్నాను.

ఆ మాటకు ఆయన నా భుజం తట్టాడు. కింది వాళ్ల తప్పు నెత్తిన వేసుకునే పెద్దమనసు అన్నాడు. మూసుకుపోయిన కళ్లతో సుజాత నా వైపు చెయ్యి చాపి, "మీరెందుకు సార్ మాట పడుడు, నేను జేసిన దానికి" అంది. ఆ చెయ్యి తాడు ఒరిపిడికి అడ్డంగా కాలిపోయి ఉంది. లోపల ఎస్తేరు దక్కుతుందో లేదో తెలియదు. నాకున్న భయం మాత్రం రాయి గురించే.

ఎస్తేరు దక్కింది. మరుసటి ఏడాది నుంచి పిల్లలను బండలెక్కించింది కూడా. సుజాతను మాత్రం ఆ పని నుంచి తప్పించారు. నేను పదోన్నతి పొందాను. ఇద్దర్నీ కాపాడింది నేనేనన్న మాట ఎక్కడో పుట్టింది, నేను కాదనలేదు.

పోయిన చలికాలంలో సిరిసిల్ల వెళ్లాను. సుజాత ఇల్లు సాంచాల షెడ్ల మధ్య సందులో ఉంది. ఆ మోత వింటూ నిలబడితే నాకు గుర్రంబండ గొణుగు గుర్తొచ్చి, తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఆమె తలుపు తీసి, "సారా! గుర్తువట్టనే లేదు, గిట్ల బక్కగైనరేంది?" అని కుర్చీ వేసింది. మచ్చ, రాయి, పొద, అన్నీ చెప్పాను.

అంతా విని ఆమె అంది: "గిన్నేండ్లు నేను ఇంట్ల ఊదుబత్తి ముట్టియ్యలే సార్. మా అత్త రోజు లొల్లి వెడ్తది, గిదేం కోడలని. తాడు ముట్టనే ముట్ట. పిల్లలు టీచర్ మనం సుత ఎక్కుదమంటె కసురుకుంట." లేచి వెళ్లి ఫోన్ తెచ్చి, నా ముందే ఎస్తేరుకు కలిపింది. "అక్కా, నాది కాదట" అంది. ఊదుబత్తుల మాట, రాయి మాట చెప్పి, ఫోన్ స్పీకర్ మీద పెట్టింది. అవతల నుంచి ఎస్తేరు గొంతు వినబడింది: "ఇంకో రెండు ముట్టియ్యమన్నది నేనే గదనే. నేను సుత గదే మోస్తున్న."

నేను క్షమించమని అడిగాను. సుజాత తల అడ్డంగా ఊపింది. "నా ఒక్కదానికి చెప్తె ఏమొస్తది సార్? నల్గురి ముంగట నన్నన్నరు. నల్గురి ముంగట చెప్పుండ్రి."

అందుకే ఇది రాశాను. అప్పటి అధికారికీ, ఆ శిబిరంలో ఉన్నవాళ్లందరికీ పంపుతున్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ రోజు నేర్పింది మూడు ముక్కలు. రెకీ ఏ రోజుది ఆ రోజే చెయ్యాలి, అనుమానం వస్తే స్థలం మార్చాలి. కింద మనిషి ఉండగా పైన రాయిని ముట్టకూడదు. ప్రమాదం జరిగితే, బండ కింద ఏం కనబడ్డా సరే, పైనున్నవాణ్ణి ముందు అడగాలి. అతను తప్పు నాదే అని వెంటనే ఒప్పుకుంటే, ఏ తప్పు అని మళ్లీ అడగాలి.