మూడో పేరు ఎవరిది?

ఆ ఆదివారం నాందేడ్‌లోని మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు: నాన్న, నాయనమ్మ, మా గల్లీలోనే ఉండే రిటైరైన ఉర్దూ మాస్టారు, నేను. ఉన్న వస్తువులు: నాయనమ్మ రేకుడబ్బా, అందులోంచి తీసిన ఒక ఉర్దూ కాగితం, పాత భూమి రికార్డు నకలు, భూతద్దం, నాలుగు కప్పుల చాయ్, నేను గీసిన వంశవృక్షం. అందులో ఒక గడి ఖాళీ.

అది మా ముత్తాత తండ్రి గడి. ముత్తాత నిజామాబాద్ వైపు ఊరు వదిలి నాందేడ్ జిల్లాలోని కర్ఖేలికి వచ్చి స్థిరపడ్డాడు. భూమి రికార్డులో ఆయన తండ్రిగా ఒక పేరు ఉంది. పెత్తరమాస నాడు పెద్దల పేరిట బియ్యమిచ్చేటప్పుడు నాన్న తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మూడూ చెప్పాలి. మూడోది ఆ రికార్డులో చూసే చెబుతూ వచ్చాడు. అయితే కర్ఖేలి ఇల్లు తన అత్త పుట్టిల్లని, తన మామ, అంటే మా ముత్తాత, అక్కడికి ఇల్లరికం వచ్చాడని పోయిన నెల నాయనమ్మ మాటల మధ్యలో అంది. అంటే భూమి పిల్లనిచ్చిన మామది; రికార్డులో తండ్రిగా రాసింది ఆయననే.

"రికార్డు లెక్కన ముత్తాత సొంత చెల్లెనే చేసుకున్నడు," అన్నాను.

"నీ నోట్లె మన్నువడ!" అంది నాయనమ్మ.

నాన్న నవ్వలేదు. "ఇన్నేండ్లు మా తాత తండ్రికి గింజ వెట్టలే నేను," అన్నాడు. పెత్తరమాసకు ఇంకా పది రోజులుంది.

ఉర్దూ కాగితం ఇల్లరికానికి ముందు రాసుకున్న ఒప్పందం. మా ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్లు లేరు. మాస్టారు వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, హిందీలో అర్థం చెప్పారు. పెళ్లికొడుకు తండ్రి పేరు దగ్గర ఆగి, పైకి చదివారు.

"అది మా బాపు పేరు, మాస్టర్ సాబ్. మళ్లొకసారి సూడుండ్రి," అన్నాడు నాన్న.

నాన్న కోసం ఆయన మూడుసార్లు చదివారు. అదే పేరు.

"ఇది పెండ్లికి ముందటి కాగితం. అప్పటికి తాత పుట్టనే లేదు," అన్నాను.

నాయనమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది. "పెద్ద కొడుక్కు తాత పేరే వెడ్తరు గదరా! మా మామ గూడ కొడుక్కు తన తండ్రి పేరే వెట్టుకున్నడు."

"నీకు ఎరికేనా? మరి చెప్పకపోతివి?" అన్నాడు నాన్న.

"మొగని పేరు నోటితోని నేనెట్ల చెప్తరా? అయినా నన్నెవడడిగిండు? అందరు కాగితాల కోసం సర్కారు కచేరీలకే ఉరికిరి."

మాస్టారు పడీపడీ నవ్వారు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ఖాళీ గడి నింపి, కింద ఆధారాలు రాశాను: కాగితం ఒకటి, నోటిమాట ఒకటి.

"మరి ఇన్నేండ్లు రికార్డుల ఉన్న ఆ ఇంకో పెద్దమనిషికి ఇస్తి గదనే?" అన్నాడు నాన్న.

"మనకు ఇల్లిచ్చినోడే గద. తిననియ్యి. ఇగ ముందు గూడ బందు వెట్టకు."

పెత్తరమాస నాడు నాన్న బియ్యం పాళ్లు నాలుగు ఇచ్చాడు. పేర్లు మూడే; తాత పేరు రెండుసార్లు వచ్చింది.