చూడకముందే అయిదు స్టార్లు

మదనపల్లె టమాటా మార్కెట్లో అశ్వర్థమ్మ ఇరవై ఏళ్లుగా కాయలు ఏరుతోంది. పైన మంచి కాయలు పరిచి, కింద మెత్తబడినవి దాచమన్నందుకు ఒక మండీలో పనే మానేసిన మనిషి.

ఆ రోజు జ్వరంతో పద్మనాభం డాక్టరు దగ్గరికి వెళ్లింది. పదిహేనేళ్లుగా ఇంటిల్లిపాదికీ ఆయనే వైద్యుడు. చీటీ రాస్తూనే కౌంటర్లోని అమ్మాయి "ఫోనియ్యక్కా" అని తీసుకుని, ఏదో నొక్కి తిరిగిచ్చింది.

"ఏం చేసినావమ్మా?"

"నెట్లో సారుకు నీ పేరుతో అయిదు స్టార్లు వేసినా. అందరికీ ఇట్లే వేస్తాండాం."

అశ్వర్థమ్మకు ఒళ్లు మండిపోయింది. నేరుగా డాక్టరు గదిలోకి దూసుకెళ్లింది.

"ఏం సామీ! నువ్వింకా నా చెయ్యి పట్టి కూడా సూడలే. అప్పుడే బాగా సూసినావని నా పేరుతో రాసేస్తారా? బాక్సు తెరవకుండా కాయ బాగుందని నేనేపొద్దూ చెప్పలే. తీసేయించు ముందు!"

డాక్టరు తల దించుకున్నాడు. "పక్క క్లినిక్కుకు మూడు వందల రివ్యూలున్నాయమ్మా..." అని గొణిగాడు.

"ఉంటే ఉండనీ! పదిహేనేండ్లుగా నీ దగ్గరికే వస్తాండానే, నన్నొక్క మాట అడిగుంటే ఆ అయిదూ నా చేత్తోనే వేసేదాన్ని గదయ్యా!"