పండగనాటి చరణం

మా పెద్దాయన పోయారు. ఆ కబురు చెప్పింది సౌదీలోని యాన్బులో మా క్యాంపులోనే ఉండే కడప డ్రైవరు. "అన్నా, పెద్దాయన లేడన్నా. టీ తాగుతా కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అని ఫోన్లో ఏడ్చాడు. నేను ప్లాంటులో ఉన్నాను. చేతిలోని స్పానర్ ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

పెద్దాయనంటే మా పైపు ఫిట్టర్ల ఫోర్‌మన్. గోదావరి జిల్లా మనిషి, ఆర్‌సిఎం క్రైస్తవుడు. నేను నిజామాబాద్ వాణ్ణి, హనుమంతుడికి మొక్కేవాణ్ణి. ఏటా క్రిస్మస్ ముందు శుక్రవారం, మాకు వారం సెలవు రోజు, ఆయన గదిలో పాటలు పాడుకునేవారు. నేను మొదటిసారి వెళ్లింది, చెప్పడానికి సిగ్గెందుకు, కేకు కోసమే.

ఆ దేశంలో బాహాటంగా ఇలాంటి పాటలు పాడకూడదు కాబట్టి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, ఏసీ పెద్దది చేసి, ఆయన ఓ పాత లాటిన్ పాట ఎత్తుకునేవారు. పుట్టిన బిడ్డను చూద్దాం రమ్మని అందరినీ పిలిచే పాట. చిన్నప్పుడు ఫాదర్ల హాస్టల్లో నేర్చుకున్నారట. మాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నోటికి వచ్చేదాకా వదల్లేదు. ఎవడైనా గొంతు పెంచితే, "మెల్లగా పాడండ్రా, దేవుడికేం చెవుడు లేదు" అనేవారు.

చివరి చరణం మాత్రం నేర్పలేదు. ఇవాళే పుట్టావని ఆ బిడ్డతో చెప్పే చరణమట అది, పండగనాడే పాడాలట. పండగనాడేమో మాకు డ్యూటీ. ఒకసారి శుక్రవారమే పడింది గానీ, అప్పుడు కరోనా, ఎవరి గదిలో వాళ్లం.

"ఎవలు జూడొచ్చిండ్రు సార్, పాడుండ్రి" అని విసుక్కున్నాను.

"పుట్టకముందే పుట్టాడని ఎలా పాడతాంరా? అబద్ధమైపోదూ?"

మొండి మనిషి!

ఈ ఏడు క్రిస్మస్ మళ్లీ శుక్రవారం పడింది. దానికోసం, కొలువు ముగించి ఊరికి వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ కూడా వాయిదా వేసుకున్నారు. ఊరెళ్లి హాయిగా గొంతెత్తి పాడుకోవచ్చు కదా అంటే నవ్వారు. "మా గుళ్లో ఇప్పుడన్నీ కీబోర్డులూ డ్రమ్ములేనోయ్. లాటిన్ ఎవడిక్కావాలి? ఈ పాట తెలిసినోళ్లు నాకు ఈ గదిలోనే ఉన్నారు. ఆ పొద్దున నేను పాడతాను, మీరు వినండి చాలు."

పండగ నెల రాకముందే పోయారు. ఆయన్ని ఉంచిన పెట్టె కార్గోలో ఊరికి వెళ్లింది. ఆయన భార్య ఫోన్లో, "పండగ చూసుకుని వచ్చేత్తానన్నారు బాబూ" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఆగదు.

పండగ పొద్దున అందరం ఆయన గదిలో చేరాం. కడప డ్రైవరు కూడా వచ్చి, తానే తువ్వాలు తలుపు కింద కుక్కాడు. పాట ఎత్తుకున్నాం. ఏటా ఆపే చోటు వచ్చింది. అక్కడ పెద్దాయన చెయ్యెత్తి, "చాల్రా, మిగతాది పండగనాడు" అనేవారు.

ఈసారి పండగనాడే కూర్చున్నాం. ఎవరో ఫోన్ తీసి ఆ చివరి చరణం వెతకబోయారు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. ఎవరూ లేవలేదు. ఆయన కుర్చీ వైపు చూస్తూ, ఏసీ మోత వింటూ, అలాగే కూర్చుండిపోయాం.