మా పావని అంగిలి చీలిక, మేం పీల్చిన థిన్నర్

పావని పుట్టిన మర్నాడు పాలు పడుతుంటే ముక్కులోంచి కారాయి. పొలమారిందనుకుని వీపు నిమిరాను. మళ్లీ పట్టాను. మళ్లీ ముక్కులోంచే వచ్చాయి. పెదవులు చక్కగానే ఉన్నాయి. పిల్ల మాత్రం ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతోంది. నర్సు టార్చి వేసి నోట్లోకి చూసి, వెళ్లి డాక్టర్‌ను పిలుచుకొచ్చింది.

"క్లెఫ్ట్ ప్యాలెట్ అమ్మా. అంగిలి మధ్యలో అతుక్కోలేదు. ఆపరేషన్‌తో సరిచేయొచ్చు, భయపడకండి" అన్నారు డాక్టర్.

మా అత్తమ్మ మాత్రం భయపడిపోయింది. "గ్రహణం నాడు బయటికి గిట్ల పోయినవా ఏందే?" అని అడిగింది. ఆ మాట నన్ను చాలాకాలం తినేసింది. కానీ పిల్లను నిటారుగా పట్టుకుని చెంచాతో పాలు పట్టడం నాకంటే ముందు నేర్చుకున్నదీ ఆమే.

ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు గ్రహణం సంగతే మొదట అడిగాను. ఆయన దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పి, "మీరిద్దరూ ఏం పని చేస్తారు?" అన్నారు.

నేనూ మా ఆయన రవీ రాంగోపాల్‌పేట్‌లో ఒక స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌లో పనిచేసేవాళ్లం. ఆయన రంగులు కలిపేవాడు. నేను వాడిన స్క్రీన్లను రంగు కరిగించే థిన్నర్‌తో కడిగేదాన్ని. ఆ గదికి కిటికీ లేదు, మాకు గ్లౌజులు లేవు. నెల తప్పాక కూడా చాలారోజులు అదే పని. తల తిరిగితే కడుపుతో ఉన్నాను కదా, మామూలే అనుకున్నాను.

సర్జన్ అంతా విని, "ఆ కెమికల్ వల్లే వచ్చిందని నేను రాసివ్వలేనమ్మా. కాదని కూడా అనలేను. కానీ కడుపుతో ఉన్నవాళ్లు చేయాల్సిన పని కాదది" అన్నారు.

ఏడాది నిండే ముందు మొదటి ఆపరేషన్ అయింది. అంతా బాగైందనుకునేలోపే కుట్ల దగ్గర చిన్న రంధ్రం పడింది. ఫిస్టులా అన్నారు. చెవుల్లో ఫ్లూయిడ్ చేరింది. ఇంకో ఆపరేషన్. ఆ తర్వాత స్పీచ్ థెరపీ. గాలంతా ముక్కులోంచి పోవడంతో పేరడిగితే "మామని" అనేది. థెరపిస్టు దాని ముక్కు కింద చిన్న అద్దం పెట్టి, అద్దం మసకబారకుండా "ప" అనిపించేది. పావనికి అదొక ఆట. నాకు ఊపిరి బిగబట్టుకునే పరీక్ష.

ఆడవాళ్లకు కోర్టులో ఫీజు లేకుండా లాయర్‌ను ఇస్తారని నాతో చెప్పింది ఆ థెరపిస్టే. పావని పుట్టాక నేను పని మానేసినా, రవి అప్పటికీ అదే యూనిట్‌లో ఉన్నాడు.

"కేసు ఏస్తే నౌకరి పోతది. జెర ఆగు" అన్నాడు.

"నా జాగల ఇప్పుడు స్వరూప కడుగుతున్నది. ఆమెకిప్పుడు మూడో నెల. ఆమెకేం చెప్తవ్?"

మర్నాడు పొద్దున రవి నాకంటే ముందే తయారై నాతో లాయర్ దగ్గరికి వచ్చాడు.

లాయర్ మేడం మాకు పెద్ద ఆశలేమీ పెట్టలేదు. "థిన్నర్ వల్లే బిడ్డకు ఇట్లయిందని నిరూపించుడు కష్టం. కానీ కిటికీ లేని గదిల, గ్లౌజులు లేకుంట కడుపుతోనున్న మనిషితోని పని చేయించిన్రని నిరూపించొచ్చు. ముందు అధికారులకు ఫిర్యాదు చేద్దాం. నష్టపరిహారం కేసు వేరేగ నడుస్తది, టైం పడతది" అన్నది.

ఫిర్యాదు సంగతి తెలిసి ఓనర్ రవిని పిలిచి, "మీ ఖాందాన్ల ఎవరికన్న ఈ చీలిక ఉన్నదేమో చూస్కో" అన్నాడట. అంతవరకూ వెనకాముందూ ఆడిన రవి, ఆ రోజు నుంచి నన్ను ఒక్క వాయిదాకూ ఒంటరిగా పంపలేదు. ముందు అన్నట్టే ఆయన నౌకరి పోయింది. కొన్నాళ్లు చాలా తక్లీఫ్ పడ్డాం. తర్వాత ఆయనకు తిరుమలగిరిలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ పని దొరికింది.

తనిఖీకి అధికారులు వచ్చారు. గోడ పగలగొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించారు. కడుపుతో ఉన్నవాళ్లను ప్యాకింగ్‌కు మార్చారు. స్వరూప ధైర్యంగా స్టేట్‌మెంట్ ఇచ్చింది. ఆమెకు బాబు పుట్టాడు, బాగున్నాడు. మా నష్టపరిహారం కేసు ఇంకా నడుస్తోంది. గెలుస్తామో లేదో తెలియదు. ఆ గదిలోకి గాలి వచ్చింది, అది మాత్రం తెలుసు.

పావని ఇప్పుడు చిలకలగూడలో ఒకటో తరగతి. ఏడాదికోసారి చెకప్‌కు వెళ్తాం. మొన్న నేను వంటింట్లో ఉంటే, బాల్కనీలోంచి కింద కూరల బండివాడిని అదే పిలిచింది: "అన్నా, పాలకూర! పెద్ద కట్ట!" మూడో అంతస్తు నుంచి అరిచిన మాట. అతను "ఏందీ?" అని మళ్లీ అడగలేదు. కట్ట తీసి పైకి చూపించడం కిటికీలోంచి కనిపించింది. నేను స్టవ్ ఆపి అక్కడే కూర్చుండిపోయాను.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. కడుపుతో ఉన్నప్పుడు నా చెకప్‌లన్నిటిలో ఏం తింటున్నావని అడిగారు, ఎంతసేపు నిద్రపోతున్నావని అడిగారు. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. నెల తప్పిందని తెలియగానే, వీలైతే అంతకంటే ముందే, మీరూ మీ ఆయనా పనిలో ఏం ముట్టుకుంటున్నారో, ఏం పీలుస్తున్నారో డాక్టర్‌కు చెప్పి చీటీలో రాయించుకోండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.