గాలికి కాపలా

మా మరిదికి తీగ లేని చోట కూడా తీగ దొంగలే కనిపిస్తారు. ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోను లైన్‌మన్‌గా చేశాడు. రాగి తీగ కోసుకుపోయేవాళ్ల కోసం ఎన్ని గోడలు దూకాడో, ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాడో ఆయనకే తెలియదు. ఉద్యోగం అయిపోయింది, మోకాళ్లు అరిగిపోయాయి, అనుమానం మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

మా ఆయన పోయాక నేను మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. మరిది, తోడికోడలు అదే భవనంలో కింద ఉంటారు. వచ్చేయమని ఇద్దరూ పోరారు. ఇంకొకరి వంటింట్లో గరిటె ఎక్కడుందని అడిగే ఖర్మ నాకు వద్దన్నాను. స్నానాలగదిలో ఒకసారి కాలు జారాక తోడుకు మనిషిని పెడతామన్నారు. ఆ మనిషికి నేను తోడుండలేనన్నాను. రోజూ ఫోను చేసి ఎలా ఉన్నావని అడిగితే, బతికే ఉన్నానని పెట్టేసేదాన్ని.

ఆ నెలలోనే మరిది వైఫై పెట్టించాడు. పెట్టె తన ఇంట్లో కాదు, నా గదిలో. మధ్య అంతస్తు కాబట్టి అందరికీ అందుతుందట. భవనమంతటికీ ఉచితం. సంగీతం మాస్టారు మంచం దిగకుండానే పొరుగూరి పిల్లలకు పాఠం చెప్పసాగాడు. దర్జీ ఎక్కడో ఉన్న గిరాకీని ఫోనులో నిలబెట్టి భుజాల కొలత చెప్పించుకునేవాడు. నర్సు డ్యూటీ పట్టిక ఇంట్లోనే చూసుకునేది. తీగ లేదు, గడప దాటే పని లేదు. అదే కదా దాని గొప్ప.

మా మరిది ఉండగా అంత సుఖం ఎవరికి దక్కుతుంది? తెల్లవారగానే కింద కుర్చీలో కూర్చుని ఫోనులోంచే పాస్‌వర్డు మార్చేస్తాడు. వారానికి సరిపడా నంబర్లు చీటీ మీద రాసి, ఆదివారం మూలుగుతూ మెట్లెక్కి నాకిస్తాడు. అన్నీ తను తగిలించిన పాత ఫోన్ల నంబర్లే. ఇది ఐస్ ఫ్యాక్టరీది, ఇది పళ్ల డాక్టరుదని పరిచయాలు కూడానూ. నేను పొద్దున్నే ఆనాటి నంబరు పలక మీద రాయాలి. రెండో తరగతితో బడి మానేసినా నా అంకెలు ముత్యాలే.

పలక తలుపు బయట తగిలిస్తానంటే ససేమిరా అన్నాడు.

"దొంగలు చూస్తారు వదినా."

"గాలిని ఎవడు కోసుకుపోతాడయ్యా?"

"రాగినే వదల్లేదు, గాలిని వదుల్తారా?"

నోటితో చెప్పకూడదు, ఫోనులో పంపకూడదు. ఒక్కొక్కరూ లోపలికొచ్చి కళ్లారా చూసుకుపోవాలి. ఏడు కొట్టేసరికి నా గది టికెట్ల కిటికీ అయ్యేది. మాస్టారు నోట్లో బ్రష్షుతో, దర్జీ మెడలో టేపుతో, నర్సు సగం వేసిన జడతో.

ఒక బుధవారం పలక ముట్టకముందే స్నానాలగదిలో మళ్లీ జారాను. చీలమండ మెలికపడింది. లేవలేను. ముందు తలుపుకు గడియ వేసే ఉంది. అరిస్తే తోడికోడలికి వినబడుతుంది, ఆ తర్వాత ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

ఏడింటికి మాస్టారు తలుపు తట్టాడు, పాఠానికి వేళైందని. తర్వాత రమ్మన్నాను. దర్జీ వచ్చాడు, నర్సు వచ్చింది. ఒక్కరూ కదలరే. ఈ పీడ వదిలితే చాలని, ఆనాటి ఐస్ ఫ్యాక్టరీ నంబరు మొత్తం నేల మీద నుంచే గట్టిగా చెప్పేశాను.

నంబరు దొరికినా ఒక్కరూ మెట్లు దిగలేదు.

"పెద్దమ్మ నోటితో చెప్పిందంటే ఏదో అయింది" అంది నర్సు. "తలుపు తోసెయ్యండి."

అందరి భుజాలూ కొలిచే దర్జీకి ఆ రోజు తన భుజం పనికొచ్చింది.

కట్టు కడుతూ నర్సు అసలు సంగతి చెప్పింది. నంబరు రోజూ మార్చక్కర్లేదట. మార్చినా ఒక్క మీట నొక్కితే అందరి ఫోన్లకూ పోతుందట. అలాగే చేయమని వీళ్లు మొదట్లోనే అడిగారట. "వైఫై ఊరికే రాదు, రోజూ మా వదిన మొహం చూడాలి" అన్నాడట మా మరిది. ఖరీదు కాస్త ఎక్కువేనని గొణిగాడట దర్జీ.

ఆదివారం కాకపోయినా మూలుగుతూ ఎక్కొచ్చిన మరిదిని నిలదీశాను. ఆయన నా వైపు చూడకుండా పెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు.

"దొంగల భయం వదినా" అన్నాడు.

నేనూ తక్కువదాన్ని కాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు చివరి అంకె తప్పు రాస్తున్నాను. చూసుకుని వెళ్లినవాళ్లు సణుక్కుంటూ మళ్లీ ఎక్కి రావాలి, వచ్చినవాళ్లు ఎలాగూ కాసేపు కూర్చుంటారు. మొన్న మరిది ఫోను చేశాడు.

"ముత్యాల్లాంటి అంకెలు కదా వదినా, మూడు ఉండాల్సిన చోట ఎనిమిది ఎందుకొచ్చింది?"

"దొంగల భయమయ్యా" అని పెట్టేశాను.