మా మామ్మకి పడని రవ్వ

మా మామ్మ పైడమ్మకి ఎంత కోపమొచ్చినా సాయంత్రానికి దిగిపోయేది, ఒక్క నగల కొట్టు కామరాజు మీద తప్ప.

1978లో అతని దగ్గర రవ్వల ముక్కుపుడక కొంది. అసలే పెద్ద ముక్కు, పుడక పెట్టాక మనిషికంటే ముందు అదే వచ్చేది. ఏడాది తిరక్కుండా రాయి నల్లబడింది.

"రవ్వ నీకు పడలేదు పిన్నీ, దోషం నీదే," అన్నాడు కామరాజు. ఆ మాట మల్కాపురమంతా పాకింది. రవ్వ పడని మనిషని మామ్మని పేరంటాలకి పిలవడం మానేశారు.

గోపాలపట్నంలో ఒక కంసాలి పుడక వెనక మూత ఊడదీశాడు. లోపల మెరుపు రేకు, దాని మీద ఉత్త గాజు. నీళ్లు దిగి రేకు నల్లబడిందట. అసలైన రవ్వ మీద ఊదితే ఆవిరి చిటికెలో పోతుందని కూడా చెప్పాడు.

అప్పట్నుంచి మామ్మ రోజూ తల దువ్వుకుని వెళ్లి కామరాజు కొట్లో బల్ల మీద కూర్చునేది. ఎవరు రవ్వలు బేరమాడినా, "ఎనక మూత తీయించమ్మా, ఊది సూడు," అనేది. వాళ్లు ఊదేవారు. కామరాజుకి చెమటలు పట్టేవి.

"అసలు రవ్వ పెట్టిస్తాను, ఇంటికెళ్లు పిన్నీ," అని బతిమాలాడు.

"నాకొద్దు. దోషం నాది కాదని అందరి ముందూ సెప్పు."

కొట్లో ఉన్న ఆడవాళ్లందరి ముందూ తలొంచుకుని చెప్పాడు.

మర్నాడూ మామ్మ వెళ్లి కూర్చుంది.

"సెప్పాను కదా పిన్నీ, మళ్లీ ఏటి?"

మామ్మ లోపలికొస్తున్న పెళ్లివారిని చూపించింది. "ఈళ్లు నిన్న లేరు బాబూ. ఈళ్లకీ సెప్పు."